తాతగారి ట్రంకు పెట్టెలో గాజు ఫొటోలు, సరస్వతి పటం, గ్రహణం బొమ్మ: ఎట్టా కాపాడుకోవాలి?

ప్రశ్న (కందుకూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా తాతగారు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేశారు. మొన్న ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది ట్రంకు పెట్టె దించాం. పాత పేపర్లో చుట్టిన గాజు పలకలు ఏడు దొరికాయి. వెలుతురుకి పట్టి చూస్తే రాతి విగ్రహాలు, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా. దళసరి అట్టకు అంటించిన ఫొటో ఒకటి, కింద సిరాతో "భైరవకొండ, నెల్లూరు జిల్లా" అని ఉంది. అద్దం కట్టించిన సరస్వతి పటం, చీర అంచుకు నిజం జరీ కుట్టారు. ఇంకా ఏదో పుస్తకంలోంచి ఊడిన పుట, నల్లటి సూర్యుడు, చుట్టూ మంటలు, కింద "గుంటూరు, 1868".

ఒక తప్పు చేశాను. ఒక పలక మసిగా ఉందని తడిగుడ్డతో తుడిచాను. నల్లపూత పొరలా లేచి గుడ్డకు వచ్చేసింది. ద్వారపాలకుడి ముఖం పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిగతా ఆరింటికి అట్టా కాకూడదు. పటం ఫ్రేములు కట్టే షాపతనికి చూపిస్తే పాత అద్దం పీకి కొత్తది వేస్తానన్నాడు. ఇవ్వచ్చా? ఆ భైరవకొండే కదా భైరవకోన? దాన్ని ప్రకాశం జిల్లాలోదనే ఎరుగుదుం, నెల్లూరని ఎందుకు రాశారు?

జవాబు (నెల్లూరు నుంచి)

అమ్మా, ముందు తుడవడం ఆపెయ్యండి. పోయిందాని గురించి బాధపడకండి, ఆ పలకనూ పారేయకండి. ముఖం పోయినా మిగతా శిల్పం ఉంది కదా.

అవి నెగెటివులు. 1880 ప్రాంతం నుంచి ఇట్టాంటి గాజు ప్లేట్లు తయారుగా అమ్మేవారు. గాజు మీద జెలటిన్ అనే జిగురు పూత, అందులో వెండి రేణువులు. బొమ్మంతా ఆ పూతలోనే ఉంటుంది. తడి తగిలితే నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి గాజును వదిలేస్తుంది. మీ గుడ్డకు వచ్చింది అదే.

కిటికీ దగ్గర ప్లేటును కొంచెం వాల్చి చూడండి. ఒక పక్క అద్దంలా మెరుస్తుంది, రెండో పక్క మెరుపు లేకుండా ఉంటుంది. మెరుపు లేనిది పూత పక్క, దాని మీద వేలు కూడా పెట్టొద్దు. మెరిసే పక్క మాత్రం పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపొచ్చు. మంచం మీద దుప్పటి మడతేసి, దాని మీద, రెండు చేతులతో అంచులు పట్టుకుని చెయ్యండి. పేపర్లో మళ్లీ చుట్టకండి, న్యూస్‌పేపర్లో యాసిడ్ ఉంటుంది. యాసిడ్ లేని కాగితం ఆన్‌లైన్లో దొరుకుతుంది. దాన్ని ప్లస్ గుర్తు ఆకారంలో కత్తిరించి, నడుమ ప్లేటు పెట్టి నాలుగు రెక్కలూ మడిస్తే చాలు, జిగురు అక్కర్లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, కింది ప్లేటు బరువుకి పగులుతుంది. పొడుగాటి అంచు కిందికి వచ్చేలా నిలబెట్టండి. కలరా ఉండలు వేయొద్దు. అటక మీదికి మళ్లీ ఎక్కించొద్దు, ఎండాకాలం అక్కడ కొలిమే. మన సముద్రపు గాలికి చెమ్మ ఎక్కువ, డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచులు వేసి నెలకోసారి మార్చండి.

జిల్లా సంగతి. మీ తాతగారు తప్పు రాయలేదు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న, నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసుకుని. అంతకు ముందు భైరవకోన నెల్లూరు జిల్లాలోదే. అంటే ఆ రాత బహుశా 1970కి ముందుదన్నమాట! దాన్ని చెరపొద్దు, అట్టను కత్తిరించొద్దు. వెనక పక్క కూడా ఫొటో తీసి పెట్టండి. అక్కడి ఎనిమిది గుహాలయాలూ కొండను తొలిచినవి. మీ ఫొటో ఎన్నో గుహదో ఇప్పుడు వెళ్లి పోల్చుకోవచ్చు.

జవాబు (ఒంగోలు నుంచి)

పటం షాపుకి ఇవ్వకండి అక్కా. రంగు కాగితం అద్దానికి అంటుకుపోయి ఉంటే అద్దంతో పాటు సరస్వతి ముఖం కూడా ఊడుతుంది. అంటుకుని ఉంటే అద్దంతోనే ఉంచండి. అంటకపోతే వెనక చెక్క మార్పించి, అద్దానికీ బొమ్మకీ మధ్య అట్టముక్కలతో సన్నటి సందు పెట్టించండి. మీ కళ్ల ముందే చేయించండి.

భూతద్దంతో సరస్వతి చెంప చూడండి. చుక్కలు గళ్లలా వరసగా ఉంటే అది తర్వాతి కాలపు క్యాలెండర్ అచ్చు. వరస లేకుండా చేత్తో చల్లినట్టుంటే రాతి అచ్చు, అంటే రాతి పలక మీద గీసి కాగితానికి దించినది, ఒక్కో రంగుకి ఒక్కో రాయి. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టించిన ప్రెస్సులో ఇట్టాగే అచ్చేసేవారు. అట్టా వచ్చిన పటాలకు ఇంట్లో ఆడవాళ్లు జరీ, చమ్కీ కుట్టుకునేవారు. సూది రంధ్రాలు కనిపిస్తాయి, అవి చిరుగులు కావు. పటం మీద రవివర్మ పేరు కనిపించినా ఆయన బతికున్నప్పటి అచ్చే అనుకోవద్దు. ఆయన 1906లో పోయారు, ప్రెస్సు తర్వాతా నడిచింది.

ఇక గ్రహణం పుట, నాకు ప్రాణం లేచొచ్చింది దాన్ని చదవగానే. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం అది. ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుతురును వర్ణపటదర్శినితో, అంటే వెలుతురును రంగులుగా విడదీసే పరికరంతో చూశాడు. వెలుగు గీతలు కనిపించాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. అదే గుంటూరులో టెనెంట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి బృందం గ్రహణాన్ని ఫొటోలు తీసింది. ఆ అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకయర్ మంటల్లోని పసుపుపచ్చ గీతను పరీక్షించి, అది సోడియంది కాదన్నాడు. ఆ గీత ఒక కొత్త మూలకానిది, ఆ మూలకం పేరే హీలియం. భూమ్మీద అది రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో.

ఈ పుట మాత్రం 1868లో అచ్చయిందని తొందరపడొద్దు. దీన్నీ భూతద్దంతో చూడండి. గళ్లలాంటి చుక్కలుంటే 1880ల తర్వాతి అచ్చు. వెనక పక్క తెలుగు ఉంటే వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలతో పోల్చొచ్చు. 1918 నుంచి ఉన్న గ్రంథాలయం, ఓపిగ్గా వెతకాలి.

ప్రశ్న (కందుకూరు నుంచి)

ఇద్దరికీ దణ్ణం. చెంప మీద చుక్కలకు వరస లేదు! గ్రహణానికి గళ్లున్నాయి. ప్లేట్లను ట్యాబ్ తెల్లటి తెర ముందు పెట్టి ఫోన్‌తో తీసి, రంగులు తిరగేశాను. విగ్రహాలు భలే వచ్చాయి. కానీ ఎడమ కుడి మారిందేమోనని అనుమానం. ఇవి నలుగురికీ పంచుకోవచ్చా?

జవాబు (నెల్లూరు నుంచి)

మెరిసే పక్క మీ ఫోన్ వైపు ఉంటే ఎడమ కుడి సరిగ్గా వస్తుంది. పూత పక్క ఫోన్ వైపు ఉంటే తిరగబడుతుంది. ఎట్టా తీశారో గుర్తులేకపోతే జంధ్యం చూడండి, మామూలుగా ఎడమ భుజం మీంచి దిగాలి. గణపతి తొండాన్ని నమ్మొద్దు, రెండు వైపులా తిరుగుతుంది. ట్యాబ్‌కీ ప్లేటుకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, లేకపోతే తెర చుక్కలు పడతాయి.

1958కి ముందు తీసిన ఫొటోలకు మన దేశంలో కాపీ హక్కు ఎప్పుడో తీరింది, పంచుకోవచ్చు. ఊరు, జిల్లా, మీ తాతగారి రాత ఫొటోతో పాటే పెట్టండి. ముఖం పోయిన ప్లేటునూ అట్టాగే తీయండి. ఆ ద్వారపాలకుడి గద, చేతుల తీరు చూస్తే ఏ గుహ వాకిట్లో వాడో దొరుకుతాడు.