పని దొరకని రోజున కాయకం సంగతేంటి?

ప్రశ్న (తునికాకు):

నేను మత నీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది మూడో ఏడు. పనికి మతాలు ఇచ్చిన అర్థం ఏమిటన్నది నా అంశం. ఎక్కువగా చదివింది 12వ శతాబ్దంలో కర్ణాటకలోని కల్యాణం పట్టణంలో బసవణ్ణతో ఉన్న శరణుల గురించి, అంటే శివభక్తుల గురించి, వాళ్లు చెప్పిన కాయకం గురించి. బతకడానికి చేసే పనినే పూజగా చేయడం కాయకం.

పోయిన ఆదివారం ఊరికెళ్లాను. మాది ఆర్మూర్ దగ్గర పల్లె. అమ్మ ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఆమె చాట ముందర కూర్చుని ఆకు కత్తిరిస్తూ ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ చెప్పాను. ఆయ్దక్కి అంటే ఏరుకున్న బియ్యం. రాలిన గింజలు ఏరుకురావడమే మారయ్య కాయకం. ఒకరోజు ఆయన మామూలుకంటే ఎక్కువ తెచ్చాడు. ఆశ రాజులకుండాలి గానీ శివభక్తులకెందుకు, తిరిగి అక్కడే పోసి రా అంది లక్కమ్మ. "కాయకమే కైలాసం" అన్నది ఈ మారయ్య వచనంలోదే (శరణులు కన్నడలో చెప్పిన చిన్న కవితలను వచనాలంటారు). పనిలో ఉన్నప్పుడు గురుదర్శనమైనా, లింగపూజైనా మరిచిపోవాలంటాడు.

అమ్మ చేతులు ఆపకుండానే అంతా విన్నది. "మంచిగుంది బిడ్డా. మరి గింజలు రాలని దినం వాళ్లేం తిన్నరు?"

నాకు జవాబు రాలేదు. అమ్మవాళ్లకు ఇప్పుడు నెలకు పన్నెండు రోజులకే ఆకు, తంబాకు ఇస్తున్నారు. చుట్టి తీసుకెళ్లినవాటిలో కొన్ని బాగాలేవని పక్కకు తీసేస్తే వాటికి కూలి రాదు. పని చేయడంలోనే నీకు అధికారం, ఫలం మీద లేదు అంటుంది గీత (2-47). మా అమ్మకు ఆ మొదటి అధికారమే నెలలో సగానికి పైగా రోజులు లేదు.

ఇది ఆర్థికశాస్త్రం ప్రశ్న, నీ అధ్యాయంలోకి రాదు అంటున్నారు మా గైడు. నాకు అలా అనిపించడం లేదు. మీరేమంటారు?

జవాబు 1 (రాయచూరు మాస్టారు):

అమ్మా, ఆ లక్కమ్మ వచనమే ఇంకొకటి చూడు. మనసు శుద్ధి లేనివాడికే ద్రవ్యపు పేదరికం, శుద్ధమైన చిత్తంతో కాయకం చేసే భక్తుడు ఎటు చూస్తే అటు లక్ష్మి ఉంటుంది అంటుంది. మీ అమ్మగారి ప్రశ్న సరిగ్గా ఈ మాటకే తగులుతుంది. అయితే కాయకాన్ని దాసోహం నుంచి విడదీసి చదవకు. సంపాదించింది దాచుకోకుండా పదిమందితో పంచుకోవాలన్నది అందులో సగం. గింజ దొరకనివాడికి అన్నం పెట్టే బాధ్యత మిగతా శరణులది. కాబట్టి ఇది నీతి ప్రశ్నే. మీ గైడుగారితో ఒప్పుకోను.

జవాబు 2 (మగ్గం గుంత):

చెల్లీ, మాది నేత కుటుంబం. పని పవిత్రం అని మాకు చెప్పినవాళ్లెవరూ గుంతలో కాళ్లు పెట్టి కూర్చోలేదు. కులం పనిని విభజించడమే కాదు, పనివాళ్లనే విభజిస్తుందని అంబేడ్కర్ 1936లో రాశారు. ఆ మాటను పక్కనే ఉంచుకుని కాయకాన్ని చదువు. శరణులకూ ఇది తెలుసనే నా నమ్మకం. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి బ్రాహ్మణుడైన మధువరసు కూతుర్నిచ్చి పెళ్లి చేశారు, దానికి కల్యాణం రాజు బిజ్జలుడి రాజ్యంలో ఆ తండ్రులిద్దరికీ మరణశిక్ష పడిందంటారు. పనిని మెచ్చుకుంటే చాలనుకున్నవాళ్లయితే అంతదూరం వెళ్లరు. ఇంకొకటి. తంబాకు దుమ్ము గురించి కూడా రాయి. మా అత్త బీడీలు చుట్టీ చుట్టీ దగ్గుతోనే పోయింది. ఒంటిని తినేసే పని కాయకం అవుతుందా?

తునికాకు:

మాస్టారూ, ఆ వచనం చదివాను గానీ ఇలా ఎదురుగా పెట్టుకుని చదవలేదు. రాత్రి ఫోన్‌లో అమ్మకు వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆమె గింజలు వాపస్ పంపింది గద, ఇంట్ల ఎన్ని ఉన్నయో చూసుకొనే పంపి ఉంటది" అంది. లక్కమ్మను అలా, ఇల్లు నడిపే మనిషిగా చూసిన వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు.

అన్నా, అమ్మకూ దగ్గు ఉంది. భయంతోనే రాయలేదు. రెండో అధ్యాయం మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి అమ్మ అడిగిన ప్రశ్నతో.