ఎర్రమట్టిలో మెటల్ డిటెక్టర్ ఊరికే మోగుతోంది, సెట్టింగ్స్ ఎలా పెట్టాలి?

అందరికీ నమస్కారం. పాత నాణేలు వెతకడం మొదలుపెట్టి మూడు నెలలైంది. నా దగ్గరున్నది 7 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ, అంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) రకం డిటెక్టర్. పొలం యజమాని అనుమతితోనే వెతుకుతున్నాను.

అక్కడిది ఇనుము పాలు ఎక్కువున్న ఎర్రమట్టి. సెన్సిటివిటీ (ఎంత చిన్న సిగ్నల్‌కి మోగాలో చెప్పే సెట్టింగ్) పూర్తిగా పెంచితే కాయిల్ (నేల మీద ఆడించే చక్రం లాంటి భాగం) కదిపినప్పుడల్లా మోగుతుంది, తవ్వితే ఏమీ ఉండదు. సగానికి తగ్గిస్తే మోత ఆగుతుంది గానీ, పరీక్ష కోసం నేనే 15 సెంటీమీటర్ల లోతున పాతిపెట్టిన రాగి నాణెం కూడా దొరకడం లేదు. గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టి వల్ల వచ్చే సిగ్నల్‌ని డిటెక్టర్ పట్టించుకోకుండా సరిచేయడం) చేస్తూనే ఉన్నాను. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ని నేలకి దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ శబ్దం నిలకడగా వచ్చేదాకా సరిచేస్తాను. పది అడుగులు పక్కకి జరగగానే మళ్లీ మొదటికొస్తుంది. ఇలా ఎన్నిసార్లు చేయాలి?

డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాలకి మోగకుండా చేసే సెట్టింగ్) సంగతి అసలే తేలడం లేదు. మేకులు, సీసా మూతలు విసిగిస్తున్నాయని పెంచాను. కానీ అల్యూమినియం రేకుల్ని వదిలేసేంత పెంచితే సన్నటి బంగారు ఉంగరం కూడా వాటితోపాటే పోతుంది కదా, రెండింటి సిగ్నల్ దాదాపు ఒకటే. అందుకే ఇనుము వరకే తీసేసి మిగతావన్నీ తవ్వడం మేలనిపిస్తోంది. మీరేం చేస్తారు?

చిన్న కాయిల్ వేస్తే మట్టి గోల తగ్గుతుందట, లోతు మరీ పోతుందేమోనని నా భయం. ఇలాంటి నేలలో డబుల్ డి కాయిల్ (లోపల D ఆకారంలో రెండు తీగచుట్టలు ఉండే రకం) వాడినవాళ్లుంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.