ఛాతీ ఎత్తు 1.3 మీటర్లా, 1.37 మీటర్లా? అన్ని అటవీ ప్లాట్లకూ ఒకే పద్ధతి ఉండాలా?

కొండగోగు:
చెట్టు లావును నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తులో కొలుస్తారు. శాశ్వత ప్లాట్లు, అంటే అడవిలో హద్దులు గుర్తుపెట్టి అవే చెట్లను మళ్లీ మళ్లీ కొలిచే చోట్లు, పెట్టేవాళ్లంతా చెట్లను ఒకే పద్ధతిలో కొలవాలనేది నా వాదన. మన ఫారెస్టు వాళ్లు 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుడతారు, అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ నడిపే ఫారెస్ట్‌జియో అనే అటవీ ప్లాట్ల నెట్‌వర్క్‌లో 1.3 మీటర్ల దగ్గర. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో 50 హెక్టార్లు గుర్తుపెట్టి, ఒక సెంటీమీటరు మందం ఉన్న మొక్కల దగ్గర్నుంచి అన్నిటికీ నంబర్లు వేశారు. తమిళనాడు ముదుమలైలో 1988లో అంతే పెద్ద ప్లాట్ పెట్టారు. రెండు అడవుల్నీ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నామంటే కొలిచే తీరు ఒకటి కాబట్టే కదా.

చిగురు:
నాదీ ఇదే మాట అన్నా.

గట్టురాయి:
ఇరవై ఏళ్లుగా 1.37 దగ్గర కొలిచినవాళ్లు ఇప్పుడు కిందికి దిగితే పాత లెక్కల గతేంటి? మొదలు వైపు చెట్టు లావుగా ఉంటుంది కాబట్టి అడవంతా ఒక్క ఏడాదిలో పెరిగిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది.

కొండగోగు:
ఒక్కసారి రెండు ఎత్తుల్లోనూ కొలిస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది. తర్వాత నుంచి 1.3 ఒక్కటే చాలు.

గట్టురాయి:
వేల చెట్లకు కొలిచే చోట పెయింట్‌తో రెండో గీత ఎవరు గీస్తారండీ? నేను మూడేళ్లు ఒక ప్లాట్‌లో టేపు పట్టాను. కాంట్రాక్టు అయిపోగానే ప్రాజెక్టు వాళ్లు కొలతల షీట్లు తీసుకుని వెళ్లిపోయారు. వాటి మీద పరిశోధన పేపర్ వచ్చిందని తర్వాత ఎవరో చెబితే తెలిసింది, అందులో కొలిచినవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

వాగుగట్టు:
పాపం నిజమే గానీ, చర్చ కొలత గురించి. పక్కదారి పట్టించకండి.

గట్టురాయి:
పక్కదారి కాదు, నేను మాట్లాడేదీ కొలత గురించే! నంబరు బిళ్లకు మేకు కొట్టిన చోట బెరడు ఉబ్బుతుంది కాబట్టి గీతకు దూరంగా కొట్టాలి, తీగ అల్లుకుని ఉంటే టేపు దాని కింద నుంచి దూర్చాలి, ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. కానీ నల్లమద్ది బెరడు వానలకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుసుకుంటుంది. ఏడాదికి చెట్టు లావెక్కేది కొన్ని మిల్లీమీటర్లే అయినప్పుడు, పోయినసారి ఏ నెలలో కొలిచారో, టేపు ఎంత బిగించారో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ప్రతిసారీ కొత్తవాళ్లను దింపి, పద్ధతి ఒకటే కదా అంటే సరిపోతుందా? మీరు ప్లాట్లను కలుపుతున్నారు, మనుషుల్ని వదిలేస్తున్నారు.

కొండగోగు:
ఆ మాట ఒప్పుకుంటాను. మా ప్రాజెక్టులో కూడా సమావేశాలకు డబ్బు దొరికింది, టేపు పట్టేవాళ్లకు రెండో ఏడాది జీతం దొరకలేదు. అది నాకూ బాధే. కానీ వాళ్లను పదేళ్లు ఉంచుకున్నా, ఒకరు 1.3 దగ్గర, ఇంకొకరు 1.37 దగ్గర కొలిస్తే రెండు అడవుల్ని ఎలా పోలుస్తాం?

గట్టురాయి:
పోల్చడం తర్వాత. ముందు ఒక అడవి లెక్క దానికదే నమ్మేలా ఉండాలి.

చిగురు:
వచ్చే వేసవిలో మా ప్లాట్ మళ్లీ కొలవాలి. చాలా చెట్లకు పెయింట్ గీత చెరిగిపోయింది. కొత్తది ఎక్కడ గీయమంటారు?

గట్టురాయి:
అప్పుడే గీయకు తమ్ముడూ. పాత రిజిస్టర్‌లో ఎత్తు రాశారేమో చూడు. లేకపోతే మొదటిసారి కొలిచినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కుని, కూలి ఇచ్చి ఒక్కరినైనా వెంట తీసుకెళ్లు.