నెబ్రాస్కా కౌంటీలో రైతులకు అందిన కోవిడ్ సాయం: పశువుల వాటా విడదీసేదెలా?

2020లో అమెరికా వ్యవసాయ శాఖ రెండు విడతలుగా రైతులకిచ్చిన కోవిడ్ సాయం, సీఫ్యాప్ మీద పనిచేస్తున్నాను. తీసుకున్నది నెబ్రాస్కాలో ఓ గ్రామీణ కౌంటీ. ఆ శాఖకే చెందిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ చెల్లింపుల ఫైళ్లు డౌన్‌లోడ్ చేసి, ఎక్సెల్‌లో కౌంటీ కోడ్‌తో ఫిల్టర్ చేస్తే మొత్తమైతే వచ్చింది. కానీ ఒక్కో వరుసలో పేరు, తేదీ, పథకం, డాలర్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ డబ్బు మొక్కజొన్నకు పడిందా, పశువులకు పడిందా తెలియడం లేదు.

రెండో విడతలో మాంసం కోసం పెంచే ఆవులకు తలకు 55 డాలర్లు కదా అని ఆ లెక్కన భాగించి చూశాను. పంట కూడా వేసినవాళ్ల దగ్గర లెక్క తేలలేదు. రాష్ట్రం మొత్తం నిష్పత్తినే కౌంటీకి అంటగట్టడానికి మనసొప్పడం లేదు. ఈ కౌంటీలో మందలే ఎక్కువ, చిన్న పశుపోషకులకు నిజంగా ఎంత అందిందన్నదే అందులో కొట్టుకుపోతుంది.

కౌంటీలవారీగా పంటల, పశువుల చెల్లింపులు విడివిడిగా చూపే డేటా ఎక్కడ దొరుకుతుంది?