ఐసీయూలో హిమోగ్లోబిన్ 7.8: రక్తం ఎక్కించాలా, ఆగాలా?

గాజువాక నుంచి:
మా నాన్నగారు న్యుమోనియాతో వెంటిలేటర్ మీద ఉన్నారు. గుండె జబ్బు లేదు, రక్తస్రావం లేదు. హిమోగ్లోబిన్ మాత్రం డెసిలీటరుకు 7.8 గ్రాములకు పడిపోయింది. ఇద్దరు దాతలను వెంటబెట్టుకుని వెళితే, "7 కంటే తగ్గితే చూద్దాం" అన్నారు డాక్టరుగారు. మగవాళ్లకు 13 ఉండాలంటారు కదా! ఇంత నీరసించిన మనిషికి రక్తం ఇవ్వకపోవడం ఏం వైద్యం?

ఐసీయూ నర్సు, మహారాణిపేట:
మీ బాధ అర్థమవుతోందండీ. కానీ ఆ 7 ఊరికే పెట్టిన అంకె కాదు. 1999లో వెలువడిన కెనడా పరిశోధనలో 838 మంది ఐసీయూ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 7 కంటే తగ్గితేనే రక్తం ఎక్కించారు, రెండో జట్టుకు 10 కంటే తగ్గగానే ఎక్కించారు. 30 రోజుల్లో మరణాలు మొదటి జట్టులో 18.7 శాతం, రెండో జట్టులో 23.3 శాతం. ఆ తేడా కాకతాళీయమే కావచ్చు. ఎక్కువ రక్తం ఇస్తే ఎక్కువమంది బతుకుతారని మాత్రం తేలలేదు.

ఒక బ్యాగు రక్తంతో హిమోగ్లోబిన్ పెరిగేది సుమారు ఒక గ్రాము. ఒక్కోసారి దానివల్లే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెంటిలేటర్ మీద ఉన్నవారి విషయంలో మాకు అదే భయం. బ్యాగు రాగానే ఇద్దరు నర్సులం మంచం పక్కన నిలబడి నంబరు, గ్రూపు పైకి చదువుతూ రోగి చేతిపట్టీతో సరిచూస్తాం. మొదటి 15 నిమిషాలు అక్కడి నుంచి కదలం. రక్తం బలానికి ఎక్కించే సెలైన్ కాదండీ.

సీతమ్మధార నుంచి:
7 అందరికీ లక్ష్మణరేఖ కాదు. గుండెపోటుతో పాటు రక్తహీనత ఉన్న 3,500 మందిపై చేసిన పరిశోధన 2023లో వచ్చింది. 30 రోజుల్లో మరణం లేదా మళ్లీ గుండెపోటు, తక్కువగా ఎక్కించినవారిలో 16.9 శాతం, ధారాళంగా ఎక్కించినవారిలో 14.5 శాతం. తేల్చి చెప్పగలిగే తేడా కాదు. అయినా మా అమ్మకు గుండెపోటు వచ్చి 7.5 ఉంటే, ఎక్కించమనే పట్టుబడతాను.

ఐసీయూ నర్సు:
నేనూ కాదనను. గుండెపోటు, మెదడుకు దెబ్బ, రక్తస్రావం ఉంటే లెక్క వేరు. గాజువాక వారి నాన్నగారికి అవేవీ లేవు. అసలు 7.8కి ఎందుకు పడిందో అడగండి. పరీక్షల కోసం తీసే రక్తమూ తక్కువేమీ కాదు. 2002లో వచ్చిన ఐరోపా అధ్యయనంలో ఒక్కో ఐసీయూ రోగి నుంచి సగటున రోజుకు 41 మిల్లీలీటర్లు తీశారు. ఆ దాతలను మాత్రం ఊరికే పంపేయకండి, రక్తనిధిలో ఇప్పించండి. ఎర్రకణాలు 42 రోజులు నిల్వ ఉంటాయి.

గాజువాక నుంచి:
రేపు ఉదయం డాక్టరుగారు రౌండ్లకు వచ్చేసరికి అక్కడుండి, రోజుకు ఎన్నిసార్లు రక్తం తీస్తున్నారో అడుగుతాను. 7 కంటే దిగితే మాత్రం గంటసేపు కూడా ఊరుకోను.