సాష్ అంటే భుజం మీద పట్టీనా, కిటికీనా?

అందాల పోటీల్లో గెలిచినోళ్ళకి భుజం మీంచి అడ్డంగా వేసే పట్టీని సాష్ అంటారు కదా, మరి పైకీ కిందకీ జరిపే కిటికీల్ని కూడా సాష్ విండో అంటున్నారేంటి? ఆ కిటికీల పక్కన లోపల తాడు ఉంటుంది, దాన్ని పట్టీ అనుకుని ఆ పేరు పెట్టేశారని మా ఫ్రెండ్ వాదన. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. ఎవరికైనా తెలుసా?

జవాబు 1:
మీ ఫ్రెండ్ కథ బావుంది గానీ నిజం కాదండి. రెండూ అసలు వేరే వేరే పదాలు, ఇంగ్లీషులోకి వచ్చాక స్పెల్లింగ్ ఒకటైపోయింది. బట్ట సాష్ అరబిక్‌ది, షాష్ అంటే మస్లిన్ లాంటి పల్చటి గుడ్డ. 1590ల్లో ఇంగ్లీషులోకొచ్చినప్పుడు షాష్ అనే రాసేవాళ్ళు, అప్పుడు దానర్థం తలపాగా చుట్టుకునే గుడ్డ! నడుముకో భుజానికో కట్టుకునేది అనే అర్థం 1680ల్లో గానీ కనపడదు, అంటే తల మీంచి కిందకి దిగడానికి దగ్గర దగ్గర వందేళ్ళు పట్టిందన్నమాట 😄 వెంటవెంటనే రెండు "ష"లు పలకలేక మొదటిది "స" అయిపోయింది. అరబిక్‌లో ఇప్పటికీ గాయానికి కట్టే గాజ్ గుడ్డని షాష్ అనే అంటారు.

జవాబు 2:
కిటికీ సంగతి నేను చెప్తా. ఫ్రెంచ్‌లో షాసీ అంటే చట్రం, రాసేటప్పుడు చివర ఎస్ ఉంటుంది, ఇంగ్లీషు వాళ్ళు దాన్ని బహువచనం అనుకుని సాషెస్ చేసేసి అందులోంచి ఏకవచనంగా సాష్ లాగారు. ఇదీ 1680ల్లోనే. కారు ఛాసిస్ కూడా అదే ఫ్రెంచ్ పదం, ఈసారి పాడుచెయ్యకుండా మళ్ళీ తెచ్చుకున్నారు. ఇంకా వెనక్కెళ్తే లాటిన్‌లో కాప్సా, అంటే పెట్టె. కేస్, క్యాప్సూల్, చివరికి క్యాష్ కూడా దాని పిల్లలే, క్యాష్ అంటే మొదట్లో డబ్బులు కాదు డబ్బులు పెట్టుకునే పెట్టె.

జవాబు 3:
ఒక చిన్న సవరణ, సాష్ అంటే కిటికీ మొత్తం కాదు, అద్దం బిగించి ఉండి కదిలే రెక్క మాత్రమే. తాడు ఒక కొస రెక్కకి, రెండో కొస కప్పీ మీంచి వెళ్ళి పక్కన డొల్లలో వేలాడే ఇనుము బరువుకి కట్టి ఉంటుంది, రెండు వైపులా బరువు సరిపోద్ది కాబట్టి ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. తాడు తెగిందో, రెక్క దభీమని కిందపడుద్ది, వేళ్ళు జాగ్రత్త. ఇంకోటి, లండన్‌లో 1709లో ఒక చట్టం తెచ్చారు, మంటలు పాకకుండా కిటికీ చట్రాన్ని గోడ ముఖం నుంచి 4 అంగుళాలు లోపలికి పెట్టాలని.

అడిగినాయన:
థాంక్సండీ, ఫ్రెండ్‌కి ఫార్వర్డ్ చేసేశా, ఇంకా రిప్లై లేదు 😂 ఇంతకీ బట్ట సాష్ ఏ భుజం మీద వేసుకోవాలి, రూల్ ఏమన్నా ఉందా?

జవాబు 1:
మామూలుగా ఎవరిష్టం వాళ్ళది. 1908 తర్వాత ఓటుహక్కు కోసం పోరాడిన బ్రిటిష్ మహిళలు ఊదా, తెలుపు, ఆకుపచ్చ సాష్‌లు వేసుకునేవాళ్ళు, వాళ్ళకి రంగులే ముఖ్యం. రాజుగారిచ్చే బిరుదులకి మాత్రం పట్టింపు ఎక్కువ, బ్రిటన్‌లో చాలావాటికి కుడి భుజం నుంచి ఎడమ నడుముకి వేస్తారు, గార్టర్ అనే బిరుదు నీలం పట్టీ, థిసిల్ అనే బిరుదు ఆకుపచ్చ పట్టీ మాత్రం ఎడమ భుజం మీంచి.