మామయ్య నా ముఖం చూసి మాట్లాడరు, ఇది కోపమేనా?

గుడివాడ_పిల్ల:
పెళ్లయి ఎనిమిది నెలలైంది. మాది గుడివాడ, అత్తగారిది హనుమకొండ, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. అత్తయ్యతో ఏ ఇబ్బందీ లేదు, వచ్చిన చిక్కల్లా మామయ్యతోనే. రిటైరయ్యారు, 66 ఏళ్లు. నేను వంటింట్లోంచి "మామయ్యా, టీ పెట్టమంటారా" అంటే ఒక్కోసారి అసలు పలకరు, పేపర్లోంచి తల కూడా ఎత్తరు. ఒక్కోసారి "ఆఁ ఆఁ" అంటారు, తీరా తెచ్చి ఇస్తే ఎవరడిగారన్నట్టు చూస్తారు. భోజనాల దగ్గర చేతులు కట్టుకుని, ముఖం కాస్త పక్కకి తిప్పి కూర్చుంటారు. నేనేదైనా నవ్వుతూ చెబుతుంటే కనుబొమలు ముడిపడతాయి. వాళ్లబ్బాయి అడిగితే మాత్రం వెంటనే జవాబు!

బాడీ లాంగ్వేజ్ వీడియోలు కొన్ని చూశాను. చేతులు కట్టుకుంటే మనల్ని దూరం పెడుతున్నట్టట, ముఖం తిప్పితే ఇష్టం లేనట్టట, మనిషి చెప్పేదాంట్లో 93 శాతం మాటల్లో ఉండదట. అవి చూశాక ఇంకా టెన్షన్ పెరిగింది. నా యాస నచ్చలేదా, పెళ్లిలో మావాళ్ల మర్యాదల్లో ఏమన్నా లోటు జరిగిందా అని ఒకటే ఆలోచన. మా ఆయన్ని అడిగితే "నాన్న అంతే" అని ఫోన్ చూసుకుంటాడు.

పెరటి_బావి:
అమ్మాయీ, నాకు 61. మా మామగారు నాతో ఎదురుగా కూర్చుని మాట్లాడింది లేదు. ఆయన లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఓ దగ్గు దగ్గేవారు, అది విని మేం కొంగు సర్దుకునేవాళ్లం. మజ్జిగ కావాలన్నా మా అత్తగారి వైపు చూసే అడిగేవారు. కోడలి కళ్లలోకి చూడకపోవడం వాళ్లకి మర్యాద, కోపం కాదు. ఒకసారి నడుం నొప్పితో బావి దగ్గర ఆగి ఆగి నీళ్లు తోడాను, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు వెళ్లేసరికి పెద్ద చేద విప్పేసి తాడుకి చిన్నది కట్టి ఉంది. ఎవరు కట్టారో ఇంట్లో ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. మీ మామగారి ముఖం కాదు, ఆయన చేసే పనులు చూడు.

లెక్కల_మాస్టారు:
ఆ 93 శాతం సంగతి ఎక్కడ చూసినా చిరాకేస్తుంది నాకు. 1967లో అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ఆయన చేసిన రెండు చిన్న ప్రయోగాల్లోంచి వచ్చిన లెక్క అది. వాటిలో వినిపించినవి మొత్తం వాక్యాలు కూడా కాదు, విడి మాటలు. ఒక్క మాటని రకరకాల గొంతులతో వినిపించి, ఒక ప్రయోగంలో ముఖాల ఫోటోలు కూడా చూపించి, ఈ మనిషికి ఇష్టమా అయిష్టమా చెప్పమన్నారు. మాటకి 7, గొంతుకి 38, ముఖానికి 55 అని తేల్చారు. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పుకున్నాడు, అయినా వినేదెవరు. 93 శాతం మాటలతో పని లేకపోతే తమిళం రాకుండానే తమిళుల గొడవ మనకి అర్థం కావాలి కదా. చేతులు కట్టుకోవడం కూడా అంతే. చలేసినా కట్టుకుంటారు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియకా కట్టుకుంటారు. ఆయన మీ అత్తగారి దగ్గరా, పక్కింటాయన దగ్గరా ఎలా కూర్చుంటారో ముందు గమనించండి. అక్కడా అలాగే అయితే అది మీ గురించి కాదు.

సూటిగా_సుబ్బులు:
అక్కా, వెళ్లి అడిగేయరాదూ! ఎనిమిది నెలలు వీడియోలు చూసేకంటే అది నయం.

వరంగల్_నర్సు:
అడిగే ముందు ఒక్క సంగతి చెప్పండి, టీవీ సౌండ్ ఎంత పెడతారు? మీరు రాసింది చదువుతుంటే నాకు కోపం కనిపించట్లేదు, చెవులు కనిపిస్తున్నాయి. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు సాధారణంగా ముందు సన్నటి శబ్దాలు పోతాయి. స, ష, త, క లాంటివి సరిగ్గా అందవు, అందుకే గొంతు వినిపిస్తుంది గానీ మాట తెలియదు. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు కష్టం, కొడుకు గొంతు బొంగురుగా ఉంటే బాగానే తెలుస్తుంది. పైగా మీది కొత్త యాస, గబగబా మాట్లాడతారేమో, మధ్యలో మిక్సీ మోత ఒకటి. కనుబొమలు ముడివేయడం చాలామంది మాట పట్టుకోవడానికి చేసే ప్రయత్నం. ముఖం పక్కకి తిప్పేది బాగా వినిపించే చెవిని మీ వైపు పెట్టడానికి కావచ్చు. ఒక్కోసారి గులిమి గడ్డకట్టినా ఇంతే, ఈఎన్‌టీ డాక్టర్ తీసేస్తే సరిపోతుంది. ఇంట్లో పుల్లలు పెట్టి గెలకొద్దు.

గుడివాడ_పిల్ల:
రెండు వారాల తర్వాత రాస్తున్నా. ఆ రాత్రే టీవీ చూశాను, సీరియల్ వీధి చివరికి వినిపిస్తోంది! మర్నాడు ఆయన వెనక నిలబడి "మామయ్యా" అన్నాను, ఉలుకూ పలుకూ లేదు. ముందుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, కాస్త బొంగురు గొంతుతో నిదానంగా టీ సంగతి అడిగా. "అల్లం ఉంటే ఏసి పెట్టు బిడ్డా" అన్నారు. ఎనిమిది నెలల్లో ఆయన నాతో అన్న అతి పెద్ద వాక్యం ఇదే.

మా ఆయన్ని వెంటబెట్టి డాక్టర్ దగ్గరికి పంపాను. ఎడమ చెవిలో గులిమి గడ్డ తీశారు. గదిలో కూర్చోబెట్టి బీప్ వినిపించినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష కూడా చేశారు, రెండు చెవుల్లోనూ సన్నటి శబ్దాలు తగ్గాయట. చేతులు కట్టుకునేది భుజం నొప్పికట, అది అత్తయ్య చెప్పారు.

ఇంటికొచ్చాక ఆయనే అన్నారు, "మీ అత్త, నువ్వు ఏదో అనుకుని నవ్వుతుంటే నా మీదనే అనుకున్న" అని. అంటే ఆయనా ఇన్నాళ్లూ నా ముఖం చదువుతూనే ఉన్నారు, మాట్లాడకుండా!

మెషిన్ పెట్టుకోమంటే మాత్రం ముఖం తిప్పేస్తున్నారు. అది మాత్రం నిజంగా ఇష్టం లేకే.